ఉప్పునీళ్ళలో తేలిన దుంపలు

ఉడకాలి, కానీ విరగకూడదు. ఆమె కోరిక అంతకంటే పెద్దదేం కాదు. గిన్నె మూత కాస్త పక్కకు జరిపి చూసింది. నీళ్ళు ఇంకా వేడెక్కలేదు, దుంపలకు చెమట పట్టినట్టు సన్నటి బుడగలు మాత్రం తొక్కకు అంటుకుని ఉన్నాయి. చన్నీళ్ళలోనే వేయాలి, మరిగే నీళ్ళలో పడేస్తే పైన చితికిపోయి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఉప్పు ముందే వేయాలి. మంట తగ్గించాలి, నీళ్ళు తెర్లకూడదు, గిన్నె అంచున ఊరికే వణుకుతూ ఉండాలి. సగం ఉడికాక ఒక చెంచా వెనిగర్ పోస్తే ముక్క గట్టిగా నిలబడుతుంది. ఇవన్నీ ఆమెకు కంఠతా వచ్చు, ఎవరి దగ్గర నేర్చుకుందన్నదే నోరు విప్పి చెప్పుకోలేని సంగతి. ఆమెకు కూతురు చెప్పింది. కూతురికి ఆవిడ చెప్పింది. పదకొండేళ్ళ పిల్ల, పలకరిస్తే చాలు, పిన్ని ఇలా చేస్తుంది, పిన్ని అలా అంటుంది, పిన్ని వండిన బంగాళాదుంప ముక్కని చెంచాతో నొక్కినా చెక్కుచెదరదు, అని వాగుతూనే ఉంటుంది. పిన్నట పిన్ని. నాన్నకు రెండో పెళ్ళాం అయినంత మాత్రాన అంత తీపిగా పిలవాలా అని ఆమెకు ఒళ్ళు మండుతుంది, మరేమని పిలవాలో మాత్రం తనకూ తోచదు. తనైతే ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట నోటితో అనలేదు. ఆవిడ, అంతే. ఈ ఇంట్లో ఆవిడ అంటే ఎవరో గోడలకు కూడా తెలుసు.

మధ్యాహ్నం భోజనానికి పిల్ల వస్తుంది. వాళ్ళ నాన్న స్కూటర్ మీద తెచ్చి గేటు దగ్గర దింపి, హెల్మెట్ కూడా తీయకుండా వెళ్ళిపోతాడు. ఒక వారం ఇక్కడ, ఒక వారం అక్కడ, ఎప్పుడూ జరిగేదే. కానీ ఈ శనివారం వేరు. సోమవారం నుంచి పిల్లకు బడి మారుతోంది, కొత్త బడి ఆ ఇంటికి నడిచి వెళ్ళేంత దూరం, ఈ ఇంటికైతే రెండు బస్సులు. ఎక్కడుంటావో నీ ఇష్టమే తల్లీ అని తల్లీ తండ్రీ మహా ఉదారంగా ఆ బరువు తీసుకెళ్ళి పిల్ల నెత్తిన పెట్టారు. పిల్ల గోరు కొరుక్కుంటూ ఆలోచించి, శనివారం అన్నం తినేటప్పుడు చెబుతానంది. అన్నం తినేటప్పుడు అంది కదా, ఆ మాట పట్టుకుని ఆమె వారమంతా వేలాడింది. ఉత్తప్పుడు చెబుతాననొచ్చు, పడుకునేటప్పుడు చెబుతాననొచ్చు, అన్నం తినేటప్పుడే ఎందుకనాలి? అంటే ఏం వండుతానో చూసి చెబుతుందన్నమాట. పిల్లకు అలాంటి ఆలోచన లేదని మనసులో ఓ మూల తెలుస్తూనే ఉంది. తెలిసినంత మాత్రాన మనసు వింటుందా? ఆ మూలని మూలకే తోసేసి, బాల్కనీలో పెంచిన దుంపల్ని ఈ రోజు కోసమే దాచి, పొద్దున్న తవ్వి, కడిగి, ఇదిగో, పొయ్యి ముందు కాపలా కూర్చుంది.

బాల్కనీలో రంగుల డబ్బాలు మూడు ఖాళీగా బోర్లించి ఉన్నాయి, వాటి చుట్టూ తడి మట్టి ఇంకా ఊడ్వలేదు. విత్తనం దుంపలు వచ్చింది కూడా ఆవిడ దగ్గర్నుంచే. పిల్ల బడిసంచి ముందు అరలో పాత సాక్సులో చుట్టి తెచ్చింది, గుడ్డంత గుడ్డంత దుంపలు, కళ్ళ దగ్గర పొట్టి పొట్టి ఊదారంగు మొలకలు. ఎవరిచ్చారే అంటే, పిన్ని, నువ్వు కూడా పెంచుకుంటావని, అంది. ఆ సాక్సు పట్టుకుని ఆమె ఎంతసేపు నిలబడిందో. ఎందుకిచ్చినట్టు? మంచితనమా? ఇంకొకరి సంసారం పట్టుకుపోయిన చేత్తో పిడికెడు దుంపలు పంపిస్తే చెల్లుకు చెల్లనా? లేక, నా దగ్గరున్నది నీ దగ్గర లేదు చూడు అని చూపించుకోవడమా? చెత్తబుట్ట దాకా వెళ్ళి మూత తీసింది కూడా. అయితే ఓర్వలేనితనానికి ఒక గుణముంది, అవతలివాళ్ళ వస్తువు అంటే అసహ్యం, దాన్ని వదులుకోవాలంటే ప్రాణం పోతుంది. మూత మూసింది. సాక్సు ఉతికి పంపింది, దుంపలు ఉంచుకుంది. స్క్రూడ్రైవర్ కాల్చి డబ్బాల అడుగున చిల్లులు పొడిచింది, ఇసుక కలిపిన మట్టి సగానికి నింపింది, మొలకలు పైకి చూసేలా దుంపల్ని పాతింది. కాడ జానెడు లేచినప్పుడల్లా చుట్టూ మట్టి ఎగదోసింది, మళ్ళీ లేస్తే మళ్ళీ ఎగదోసింది, డబ్బా అంచు వచ్చేదాకా. పని నుంచి రాగానే చెప్పులు విప్పకుండా వెళ్ళి ఆకులు చూసేది. ఆకులు బాగుంటే ఒక బాధ, ఆవిడ విత్తనం మంచిదన్నమాట అని. వాడితే ఇంకో బాధ, తన చెయ్యి మంచిది కాదన్నమాట అని.

నీళ్ళు వేడెక్కాయి. మంట ఇంకొంచెం తగ్గించింది. గిన్నెలో ఉన్నవి చిన్నాచితకవి కాదు, పిడికిలి మించినవి, ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. ఆవిడవి ఇంతింత ఉండవు. పిల్లే చెప్పింది, నిమ్మకాయంత ఉంటాయని. పువ్వు రాలగానే తీసేయాలట, ఆకు పచ్చగా ఉండగానే, ఆకు పండి ఎండిపోయేదాకా ఆగితే దుంపలో పిండి పట్టి ఉడికితే విరిగిపోతుందట, అలా ఆగొద్దని మీ అమ్మకి చెప్పు అని మరీ చెప్పి పంపిందట. ఎరువు కూడా అతిగా వేయొద్దందట. నాకు చెప్పేంతటిదైందా అనుకుంది ఆమె. పువ్వు రాలింది, తీయలేదు. నిమ్మకాయంతవి తీసి ఏం చేసుకోవాలి? ఆవిడవి నిమ్మకాయలైతే తనవి నారింజలు కావాలి. పిల్ల చూడగానే అబ్బా అనాలి. రెండు దోసిళ్ళ ఎరువు ఎక్కువే వేసింది. ఆకు పసుపెక్కింది, ఆగింది. ఆకు రాలింది, ఆగింది. కాడ ఎండి గడ్డిపరకలా వంగిపోయాక, ఈ పొద్దున్న డబ్బాలు బోర్లించింది. నారింజలే వచ్చాయి. వాటితోపాటు వేరు చివర్న వేలాడుతూ గోలీకాయలంతవి గుప్పెడు వచ్చాయి, ఆలస్యంగా పుట్టిన కడగొట్టు సంతానం, వాటిని చూసి మొహం చిట్లించి పక్కన పడేసింది.

అప్పుడు పరీక్ష కూడా పెట్టింది. అదీ ఆవిడ విద్యే, పిల్ల నోటి మీదుగా వచ్చింది. బేసిన్లో నీళ్ళు పోసి, పదకొండు గ్లాసులకి ఒక గ్లాసు ఉప్పు కలిపి దుంపల్ని వేస్తే, పిండి ఎక్కువున్నవి మునిగిపోతాయి, ముక్క నిలబడేవి తేలతాయి. ఆమె సరిగ్గా కొలిచే కలిపింది. నారింజలన్నీ రాళ్ళలా అడుగుకు పోయాయి. పక్కన పడేసిన గోలీల్లో ఒకటి మాత్రం చేతి నుంచి జారి నీళ్ళలో పడి, బుడుంగుమని పైకొచ్చి తేలింది. సరదాగా మిగిలినవి కూడా వేస్తే అవీ తేలాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఉప్పు మంచిది కాదనుకుంది ఆమె. ఇంకో గుప్పెడు వేసి కలిపింది. నారింజలు కదిలాయి. ఇంకో గుప్పెడు. ఒకటి కొంచెం లేచి మళ్ళీ కూర్చుంది. పొట్లంలో ఉన్నదంతా గుమ్మరించి మోచేతి దాకా పెట్టి తిప్పింది, చర్మం మంట పుట్టింది, చివరికి అన్నీ తేలాయి, ఒకదాన్నొకటి రాసుకుంటూ గర్వంగా తేలాయి. ఆమె చెయ్యి తుడుచుకుని, చూశావా అంది. ఎవరితో అందో ఆమెకే తెలియాలి. ఆ నీళ్ళలో వేస్తే చెప్పుల జత కూడా తేలుతుందేమో. కానీ తేలాయి కదా, కళ్ళారా చూసింది కదా, ఇప్పుడు వెళ్ళి ఆ బేసిన్ పారబోయడానికి మాత్రం ఎందుకో మనసొప్పక అలాగే సింకు కింద ఉంచింది, గోలీలు ఇంకా అందులోనే తేలుతున్నాయి.

అసూయకు కళ్ళుండవంటారు, ఆమె అసూయకు మాత్రం మంచి కళ్ళద్దాలున్నాయి. పనిచేసేదే కళ్ళద్దాల దుకాణంలో. అద్దాన్ని ఫ్రేము కొలతకు సానపట్టి, అంచు నునుపు చేసి, గాడిలో కూర్చోబెట్టడం ఆమె పని. వానాకాలంలో ఒక మధ్యాహ్నం వెనకగదిలో సానచక్రం దగ్గరుంటే ముసలి యజమాని పిలిచాడు, అమ్మాయ్, ఈవిడకి ఫ్రేము చెవుల దగ్గర సరిచెయ్యి, అని. వచ్చి చూస్తే కుర్చీలో ఆవిడ. పాత అద్దాలు ఒళ్ళో పెట్టుకుని, కొత్తవాటి కోసం మొహం పైకెత్తి కూర్చుంది. అద్దాల్లేకుండా ఎవరి మొహమైనా కొంచెం దిక్కులేనట్టే ఉంటుంది, ఆవిడదీ అలాగే ఉంది, అది ఆమెకు నచ్చింది. అంతకుముందే చీటీలో పవరు చూసింది, దూరం చూపు బాగా తక్కువ. బాగా అయిందనుకుంది అప్పుడు, కళ్ళున్నది దానికేగా, పరాయి మొగుణ్ణి దూరం నుంచే గుర్తుపట్టావు కదా అని. తీరా ఎదురుగా నిలబడ్డాక చేసింది తన పనే. ఫ్రేము కొసలు వేడిగాలికి పట్టి వంచి, ఆవిడ జుట్టు పక్కకు తప్పించి, చెవి వెనక వేలు పెట్టి చూసింది. బిగుతుగా ఉందా అండీ అంది. లేదండీ అంది ఆవిడ. ఇంకొంచెం బిగిస్తే సాయంత్రానికల్లా చెవి పుండయ్యేది, ఎవరూ కనిపెట్టేవాళ్ళు కాదు. కానీ చేతులు ఆమె మాట వినలేదు. ఇన్నేళ్ళ అలవాటు, సరిగ్గా ఎక్కడ వంచాలో అక్కడే వంచాయి, ముక్కు మీద పిట్ట వాలినట్టు కూర్చుంది ఫ్రేము. ఆ చేతుల మీద ఆమెకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. మీరు బాగా చేస్తారని పాప చెప్పింది అని ఆవిడ లేచి, కౌంటరు మీద చెయ్యి ఆనించింది. గోళ్ళలో మట్టి. కొత్తగా పెళ్ళయిన మనిషి, గోళ్ళలో మట్టేమిటనుకుంది. తర్వాత కదా తెలిసింది, డాబా మీద బకెట్లలో దుంపలు.

ఆ ఇంటి డాబా ఆమె చూడలేదు, చూడనవసరం లేదు, చూసినదానికంటే బాగా తెలుసు. గోడవారన వరసగా బకెట్లు, పిల్ల గొట్టంతో నీళ్ళు పడుతుంటే ఆవిడ పక్కన నిలబడి చాల్లే చాల్లే అంటుంది, ఆయన పేపరు పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంటాడు. అక్కడ మాత్రం పేపరు దించి చూస్తాడు కాబోలు. భోజనాల దగ్గర ముగ్గురూ. ఉల్లిపాయా మిరియాలపొడీ వేసి వేయించిన దుంపముక్కలు, అంచులు పదునుగా, కోసినవి కోసినట్టు. ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని తల ఊపుతాడు. విడిపోయి ఇన్నాళ్ళయింది, ఆయన తిరిగి రావాలని లేదు, వస్తే తలుపు తీస్తుందో లేదో కూడా అనుమానమే. అయినా ఆ తల ఊపడం మాత్రం ఇంకొకరికి దక్కిందంటే కడుపు మండుతుంది. చింత చచ్చినా పులుపు చావలేదంటే ఇదే. ఎందుకంటే తనకెప్పుడూ ఊపలేదు. పెళ్ళైన కొత్తలో కంచం ముందుకు తోసి, మా అమ్మ చేస్తే ముక్క దేనికది ఉండేది అన్నాడు. ఒకసారి కాదు, చేసిన ప్రతిసారీ. ఇది ముద్ద, మా అమ్మది ముక్క. అత్తగారు అప్పటికే కాలం చేసింది, వెళ్ళి అడుగుదామన్నా లేదు, పోయినవాళ్ళతో పోటీ పడి గెలిచినవాళ్ళెవరు? వంటింట్లో నిలబడి ఏడ్చింది. ఆ తర్వాత వీధి చివర కూరగాయలమ్మే మనిషి గంప అడుగున మిగిలిన చిట్టి దుంపలు, ఎవరూ కొననివి, పలచటి తొక్క గోటితో గీరితే ఊడొచ్చేవి, అవి తెచ్చి వండటం మొదలుపెట్టింది. ముక్క విరగడం మానేసింది. ఆయన అనడం కూడా మానేశాడు. పేపరు చూస్తూ తినేసి లేచేవాడు. ఏమీ అనకపోవడమే మెచ్చుకోలు అనుకుని బతికేసింది ఆ సంసారమంతా.

ఏదో వాసన మారింది. మట్టివాసన పోయి పిండివాసన వస్తోంది. మూత తీసింది. గిన్నెలో నీళ్ళు తెల్లగా ఉన్నాయి, గంజి కలిపినట్టు. వెనిగర్ పోయలేదని గుర్తొచ్చి గబగబా పోసింది, చెంచా కాదు, సీసా వంచేసింది. ఒక దుంప తొక్క పగిలి పళ్ళికిలించినట్టు ఉంది, లోపల తెల్లటి పిండి పూలుగా విచ్చుకుంది. మంట తెర్లేంత లేదే. గరిటెతో మెల్లిగా, నిద్రపోయే పిల్లని లేపినట్టు మెల్లిగా ఒకదాన్ని పైకి తీయబోయింది. సగం గరిటెలోకి వచ్చింది, సగం నీళ్ళలోకి జారింది. ఇంకోదాన్ని తీసింది, అదీ అంతే. పొయ్యి ఆర్పి, నీళ్ళు వార్చి, మిగిలినవాటి తొక్క తీసి కత్తి పెట్టింది. కత్తి దిగినంతసేపు ముక్క, కత్తి తీయగానే రవ్వ. పెనం మీద నూనెలో ఉల్లిపాయలు వేగుతున్నాయి, వాటిలోకి పడగానే ముక్కలన్నీ ఏకమై ముద్దగా కూర్చున్నాయి. అట్లకాడ పట్టుకుని ఆమె అలాగే నిలబడింది. ఆవిడ చెప్పింది. చెప్పి మరీ పంపింది. పువ్వు రాలగానే తీయమంది, ఎరువు వద్దంది, ఉప్పునీళ్ళు కూడా అదే మాట చెప్పాయి. ఆవిడ దురుద్దేశంతో తప్పు చెప్పి ఉంటే ఎంత బాగుండేది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, అదే ఆమెకు భరించరాకుండా ఉంది. కింద వీధిలో స్కూటరు ఆగింది. గేటు కిర్రుమంది. బాల్కనీలోకి వెళ్ళి చూడలేదు.

పిచ్చుక వచ్చింది. కూతురి ముద్దుపేరది, గింజ గింజా ఏరుకుని తింటుందని చిన్నప్పుడు పెట్టింది. సంచి సోఫా మీద పడేసి, చేతులు కడుక్కుని, ఆకలమ్మా అంటూ కంచం ముందు కూర్చుంది. ఆమె వడ్డించింది. ముద్ద కనబడకుండా పైన ఉల్లిపాయలు సర్ది వడ్డించింది, అదొక్కటే చేయగలిగింది. పిల్ల రెండు ముద్దలు తిని, నీళ్ళు తాగి, గ్లాసు అడుగు చూస్తూ అంది.

"అమ్మా, బడి రోజుల్లో అక్కడుంటా. శని, ఆదివారాలు నీ దగ్గర. సెలవులన్నీ నీ దగ్గరే."

ఆమె నోట్లోంచి వచ్చిన మాట ఆమెకే వింతగా వినిపించింది. "ఇవి విరిగాయనా?"

"ఏవి?"

"దుంపలు."

పిల్ల కంచంలోకి చూసి, తల్లి మొహంలోకి చూసింది. ఆ చూపులో జాలి లేదు, అర్థంకాని లెక్క చూసినట్టుంది. "దుంపలేంటమ్మా. బడి దగ్గర కదా. రెండు బస్సులంటే పొద్దున్నే లేవాలి, నాకు నిద్ర చాలదు." అని మళ్ళీ తింటూ, తినేది ఆపి, "నువ్వూ పిన్నీ ఇద్దరూ ఒకటే రకం. తనకి కూడా మొదట్లో ముక్కలు విరిగిపోతే ఏడ్చేది" అంది.

"ఏడవడమెందుకు? కూరేగా."

"నాన్న అనేవాడుగా. ఆ ఇంట్లో ముక్క దేనికది ఉండేది అని. ఎప్పుడు వండినా అదే మాట. ఆ ఇల్లంటే ఇదే, నువ్వు చేసినవి. అందుకేగా పిన్ని బకెట్లలో వేసింది, కొన్నవైతే విరుగుతున్నాయని. ఇప్పుడు గట్టిగానే వస్తాయిలే, నాన్న ఏమీ అనడు, పేపరు చూసుకుంటాడు. కానీ నేను వెళ్ళినప్పుడల్లా అడుగుతుంది, మీ అమ్మ డబ్బాలో ఎలా వచ్చాయి, ముక్క నిలబడిందా అని. రేపు వెళ్ళగానే అడుగుతుంది. ఏం చెప్పను?"

ఆమె వంటింట్లోకి వెళ్ళింది, మంచినీళ్ళు తేవడానికన్నట్టు, కూజా పక్కనే ఉండగా. సింకు పట్టుకుని నిలబడింది. ముందు వచ్చింది సంతోషమే, అబద్ధమెందుకు. ఆవిడ ఏడ్చింది, తన వల్ల ఏడ్చింది, తన చేతివంటకు కుళ్ళుకుని ఏడ్చింది, ఆ మాట ఒంట్లో పంచదార పాకంలా పాకింది. పాకుతూ పాకుతూ ఎక్కడో ఆగిపోయింది. ఆ ఇంట్లో ముక్క దేనికది ఉండేది. ఈ మాట తను విన్నదే, అదే గొంతులో విన్నదే, అక్షరం మారలేదు, అమ్మ పోయి ఆ ఇల్లు వచ్చింది, అంతే. తను పక్కనున్నప్పుడు, చచ్చిపోయిన అత్తగారు గొప్ప; ఆవిడ పక్కనున్నప్పుడు, వదిలేసిన తను గొప్ప. పొరుగింటి పుల్లకూర రుచంటారు, ఈయనకు పొరుగిల్లు కూడా అక్కర్లేదు, ఖాళీ అయిన ఇల్లు చాలు. బహుశా అత్తగారు కూడా ఏ తోటికోడలి పేరో వింటూ ఈ దుంపలు తరిగి ఉంటుంది. రేపు ఆవిడ ఆ ఇంట్లోంచి పోతే ఆవిడ బకెట్లే గొప్పవవుతాయి. ఇంతకాలం ఆ తల ఊపడం ఆవిడకు దక్కిందనుకుని తను నిద్ర మానుకుంది, తనకు దక్కిందనుకుని ఆవిడ గోళ్ళలో మట్టి నింపుకుంది, ఆయనేమో ఇద్దరి కంచాల ముందూ పేపరు చదువుకున్నాడు. గంప అడుగు చిట్టి దుంపలు కొనుక్కొచ్చి తను వండుతున్నప్పుడు, ఆ రోజుల్లో ఒక్కసారి అని ఉంటే సరిపోయేది కదా ఆ మాట, ఇంత దూరం తిరిగి, ఇంకో ఆడదాన్ని ఏడిపించి, కూతురి నోటి మీదుగా రావాలా? వచ్చినా అది మెచ్చుకోలు కాదు, కర్ర. తనను కొట్టిన కర్రే, చెయ్యి కూడా మార్చలేదు.

కాలికి బేసిన్ తగిలింది. వంగి చూసింది. గోలీకాయలు ఇంకా తేలుతూనే ఉన్నాయి, ఎవరూ కొననంత చిట్టివి, అచ్చం అప్పటి గంప అడుగువే. గుప్పిళ్ళతో తీసి రెండుసార్లు మంచినీళ్ళలో కడిగింది. గోటితో గీరితే తొక్క ఊడొచ్చింది. చిన్న గిన్నెలో చన్నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది, ఈసారి కాపలా కాయలేదు. వెళ్ళి పిల్ల పక్కన కూర్చుని, కొత్త బడిలో స్నేహితులెవరైనా ఉన్నారా, యూనిఫాం ఏ రంగు, మధ్యాహ్నం డబ్బా కట్టుకోవాలా, అన్నీ అడిగింది. అడుగుతూ మధ్యమధ్యలో నీళ్ళు తాగింది. వారంలో అయిదు రోజులు ఈ కుర్చీ ఖాళీ. దాని గురించి ఆవిడని తిట్టుకోవడానికి చూసింది కానీ అలవాటైన తిట్టు ఎంతకీ నోటికి రాలేదు. పిల్ల కంచం ఊడ్చి తింది, ముద్ద బాగుందమ్మా, మళ్ళీ చెయ్యి అంది, వేలు నాకింది. బాగుందో, తల్లి మొహం చూసి అందో, పిచ్చుకలకే తెలియాలి. వంటింట్లోకి వెళ్ళి చూస్తే గోలీలు ఉడికాయి. చెంచాతో నొక్కింది. చెంచా జారింది గానీ దుంప చెదరలేదు. ఒకటి నోట్లో వేసుకుంది, పళ్ళ కింద నిలబడి, తర్వాత వెన్నలా విడిపోయింది. చాలా బాగుంది, ఎవరూ చెప్పనక్కర్లేకుండానే బాగుంది.

చల్లారాక ఇంత నెయ్యీ మిరియాలపొడీ వేసి కలిపి, పిల్లకు నాలుగు పెట్టి, మిగిలినవి డబ్బాలో సర్దింది. మూత పెట్టి బల్ల మీద పిల్ల వైపు జరిపింది.

"రేపు వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళు. మీ పిన్నికివ్వు."

పిల్ల తలెత్తి చూసింది. ఆ మాట తల్లి నోట వినడం అదే మొదటిసారి. విననట్టే డబ్బా దగ్గరకు లాక్కుంది, తెలివైనదే.

"ఏమని చెప్పను?"

"నువ్వు చెప్పినట్టు వినలేదట, పెద్దవన్నీ విరిగాయట, చిన్నవి నిలబడ్డాయట, అను. తనని తినమను. మీ నాన్నకి మాత్రం పెట్టొద్దను."

"ఎందుకూ?"

"పెడితే మళ్ళీ నన్నే మెచ్చుకుంటాడు."